పట్టు అంగడిలో మా అత్త ప్రార్థన

పోయిన ఆదివారం తర్లుపాడు గుడిలో అయ్యగారు వాక్యం చెబుతూ, ప్రభువు దేవాలయంలోకి పోయి అక్కడ బల్లలు వేసుకుని వ్యాపారం చేస్తున్న వాళ్లందరినీ వెళ్లగొట్టిన సంగతి ఎత్తుకున్నారు. ఆ మాట చెవిన పడగానే, నాకు రెండు వరసల ముందు చాప మీద కూర్చున్న మా అత్త మెల్లగా వెనక్కి తిరిగి నా వంక చూసింది. నేను చూడనట్టు తల వంచుకున్నాను. ఆమె చూపు తిప్పలేదు. అరవై నాలుగేళ్ల వయసులో, పెన్షన్ తీసుకునే ఇంగ్లీషు టీచరమ్మను, నిండు గుడిలో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకోవలసి వచ్చింది. పక్కనున్నామె నాకు పొలమారిందనుకుని మంచినీళ్ల సీసా అందించింది. ఆరాధన అయ్యాక బయట చెప్పులు వెతుక్కుంటుంటే అయ్యగారు వచ్చి, తన ప్రసంగంలో అంత నవ్వొచ్చే మాట ఏముందని మర్యాదగానే అడిగారు. ఏదో దగ్గు అని తప్పించుకున్నాను. నిజం చెప్పాలంటే స్పెయిన్ దేశం దాకా పోవాలి, ఇంటి దగ్గరేమో పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చాను.

మా అత్త అంటే మా నాయన చెల్లెలు. నాకంటే ఎనిమిదేళ్లే పెద్ద కాబట్టి చిన్నప్పుడు ఇద్దరం ఒకే దుప్పటి కోసం కొట్లాడుకున్నాం. ఇప్పటికీ నన్ను 'పాపా' అనే పిలుస్తుంది. నేను ఎంతమంది పిల్లలకు పాఠాలు చెప్పినా ఆమె ముందు మాత్రం మూడో తరగతి దాటలేదు. మా వైపు నేలలో వరి పండదు గానీ పలకరాయి పండుతుంది. ఒకప్పుడు ఎక్కడెక్కడి పిల్లలో మా రాతి మీదే అక్షరాలు దిద్దుకున్నారు. తర్వాత నోటు పుస్తకాలు వచ్చాయి, ప్లాస్టిక్ వచ్చింది. పలకలకు చెక్క చట్రాలు బిగించి బతికిన ఆడవాళ్లు మిరపకాయల కోతకు పోయారు. మా అత్తకు అది నచ్చలేదు. పదిమంది ఆడవాళ్లను పోగుచేసి, తన ఇంటి పక్క రేకుల షెడ్డులో అదే రాతితో గడియారాలు, ఇంటి ముందు తగిలించే పేరు పలకలు, పళ్లేలు చేయించడం మొదలుపెట్టింది. రాతిని వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఇది ఎన్ని పొరలుగా చీలుతుందో చెప్పగలదు. మనుషుల విషయంలో కూడా ఇంచుమించు అంతే.

మూడేళ్ల క్రితం ఒంగోలులో చేతిపనుల వాళ్లకు సాయం చేసే ఒక సంస్థ వాళ్లు వచ్చి, స్పెయిన్ దేశంలో వాలెన్సియా అనే ఊళ్లో రాతి వస్తువుల సంత జరుగుతుంది, ఒక మనిషిని పంపుతామన్నారు. మనిషంటే మా అత్తే. ఆమెకు ఇంగ్లీషు రాదు కాబట్టి తోడు నేను. నా జీవితంలో నా ఇంగ్లీషుకు దక్కిన అతి పెద్ద గౌరవం అదేనని మూడు వారాలు మురిసిపోయాను. తీరా అక్కడికి పోయాక తెలిసింది, ఆ ఊరివాళ్లకు కూడా ఇంగ్లీషు అంతంత మాత్రమేనని. వాళ్లూ నేనూ చేతులతోనే ఎక్కువ మాట్లాడుకున్నాం. ఆ ఊరు సముద్రం ఒడ్డున ఉంది, ఎండ మన కార్తీక మాసపు ఎండలాగా హాయిగా ఉంది, రోడ్ల వెంట చెట్లనిండా కమలాపండ్లు వేలాడుతున్నాయి. ఎవరూ కోయరు. రాలి కింద పడి కార్ల కింద నలిగిపోతున్నాయి. మా అత్తకు కడుపు తరుక్కుపోయింది. ఒక పండు ఏరి, కొంగుతో తుడిచి, నోట్లో పెట్టుకుంది. అంత చేదు ఆమె ముఖంలో అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఊరంతా ఎందుకు ఊరుకుందో కనుక్కోకుండా మనం తొందరపడకూడదని ఆ రోజంతా నీతి చెప్పింది, తినమన్నది నేనే అయినట్టు.

సంతలో నాలుగు రోజులు మా బల్ల దగ్గర మనుషులు ఆగుతూనే ఉన్నారు. మా నల్లరాతి పళ్లేల మీద చెయ్యి వేసి నిమిరేవాళ్లు. అక్కడి హోటళ్లలో జున్నుముక్కలు, రొట్టె అట్లాంటి రాతి పళ్లేల్లో పెట్టి ఇస్తారట. ఆ సంగతి చెబితే, "స్టీలు తట్టలు లేవా పాపం వీళ్లకి?" అని జాలిపడింది మా అత్త. చివరి రోజు సాయంత్రం ఒక పెద్దమనిషి వచ్చాడు. యాభై దాటిన వయసు, బట్టతల, మెడలో ఉన్ని గుడ్డ. ఆ చుట్టుపక్కల హోటళ్లకు గిన్నెలు, పళ్లేలు సరఫరా చేస్తాడట, ఇంగ్లీషు బాగానే వచ్చు. పళ్లేన్ని తట్టి చూశాడు, నీళ్లలో ముంచి తీసి చూశాడు, తల ఊపాడు. చాలా హోటళ్లకు కావాలన్నాడు. రేపు పదకొండింటికి పట్టు వర్తకుల పాత భవనానికి రండి, తన తాతముత్తాతలు అక్కడే బేరాలు చేసేవాళ్లు, పెద్ద మాట ఏదైనా అక్కడ నిలబడి చెప్పడం తనకు అలవాటు అన్నాడు. ఆ ఒక్క మాట ఖాయమైతే ఏడాది పాటు మా షెడ్డుకు తాళం పడదు. కాకపోతే వేసవికల్లా ఆ పదిమందీ మళ్లీ మిరపచేలలో ఉంటారు. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. మా అత్త మాత్రం ఆ క్షణం నుంచి నోరు మెదపలేదు. సంతోషంతో మాట పడిపోయిందనుకున్నాను.

పొద్దున్నే లేచి ఆమె అన్న మొదటి మాట, "ఈ దినం ఆదివారం గదా. గుడికి పోకుండా బేరానికి పోతే ఆ బేరం నిలబడదు." పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆదివారం ఆరాధన మానింది లేదు. కాన్పు అయిన వారానికే బిడ్డనెత్తుకుని గుడికి పోయిన మనిషి. చూద్దాంలే అత్తా, దారిలో ఏదో ఒకటి తగలకపోదు అన్నాను. బస్సు దిగి పదిన్నరకల్లా ఆ భవనం ముందుకు చేరాం. ఆకాశంలోకి లేచిన రాతిగోడలు, కోసుగా పైకి పోయిన తలుపు కమానులు, గోడ పైఅంచున నోళ్లు తెరుచుకుని వంగిన రాతి జంతువులు. మా అత్త రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది. "ఎంత పెద్ద గుడి కట్టినారు పాపా, స్తోత్రం" అని చేతులు జోడించింది. అసలైన గుడి ఆ రోడ్డుకు అవతలి పక్కనే ఉంది. అది నాకు తెలుసు. ఇది పట్టు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ బేరాలు చేసుకోవడానికి వందల ఏళ్ల కిందట కట్టుకున్న భవనమని కూడా తెలుసు, సంతలో ఇచ్చిన కాగితంలో చదివాను. కానీ అవతలి గుడికి తీసుకుపోతే ప్రార్థన అయ్యేసరికి పన్నెండు దాటుతుంది, ఆ పెద్దమనిషి వెళ్లిపోతాడు. అందుకని నేను అవుననలేదు, కాదనలేదు. మా అత్త చెప్పులు విప్పి తలుపు పక్కన జతగా పెట్టి, వాటిని కాస్త చూస్తుండమని అక్కడి కాపలా మనిషికి సైగ చేసింది. అతను ఆ చెప్పుల వంకా నా వంకా చూశాడు. నేను నవ్వాను.

లోపలి హాలు సంగతి ఎట్లా చెప్పను. తడిసిన చీరను ఇద్దరు చెరో కొసా పట్టుకుని మెలిపెట్టి పిండితే ఎట్లా ఉంటుందో, అట్లా మెలితిరిగిన రాతి స్తంభాలు, మా ఊరి తాడిచెట్లకంటే ఎత్తు. పైన కప్పు దగ్గర ఒక్కో స్తంభం కొమ్మలు కొమ్మలుగా విచ్చుకుని పక్కదానితో కలిసిపోయింది. కింద రంగురంగుల పాలరాయి. గోడల పైభాగాన నాలుగు వైపులా నల్లటి పట్టీ మీద బంగారు అక్షరాలు, మన గుళ్లలో గోడల మీద వాక్యాలు రాయించినట్టు. రాళ్ల మధ్య పెరిగినదాన్ని నేను, రాతితో ఇంత పని చేయించవచ్చని నాకు తెలియదు. మా అత్త ఒక స్తంభాన్ని తట్టి చూసి, దీన్ని మలిచిన వాళ్లకు కూలి సరిగ్గా ఇచ్చారో లేదో అంది. చుట్టూ చూసి, కుర్చీలు, బెంచీలు ఏమీ లేకపోవడం గమనించి, "మనట్లనే కిందనే కూర్చుంటారు. మంచోళ్లు" అని మెచ్చుకుంది. ఆడవాళ్ల వైపు ఎటో ఎవరూ చెప్పేవాళ్లు లేకపోతే ఎడమ పక్క తీసుకుని, తలమీద కొంగు కప్పుకుని, ఆ పాలరాతి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కాపలా మనిషి పరుగున వచ్చాడు. ఆమెకు మోకాళ్ల నొప్పులు, కాసేపు కూర్చుంటుందని చెప్పాను. అబద్ధాలు ఒకటి మొదలుపెడితే తోబుట్టువులతో సహా వస్తాయి.

మా అత్త ప్రార్థన లోలోపల చేసుకునే రకం కాదు. కళ్లు మూసుకుని గొంతెత్తింది. మెలితిరిగిన స్తంభాల మధ్య తర్లుపాడు తెలుగు గుండ్రంగా తిరిగి కప్పుకు తగిలి మళ్లీ కిందికి వచ్చింది. వింతలు చూడవచ్చిన వాళ్లందరూ నిలబడిపోయారు. ఒక తెల్లజుట్టు ముసలామె వచ్చి, ఏమనుకుందో, మా అత్త పక్కన తనూ కూర్చుని కళ్లు మూసుకుంది. షెడ్డులో పనిచేసే పదిమంది పేర్లూ ఒక్కొక్కటే దేవుడికి అప్పగిస్తోంది మా అత్త. ఉత్త పేరు చెబితే ఆయన పొరబడతాడని ఆమె భయం, అందుకని అడ్రసు కూడా చెబుతుంది. "కొనకనమిట్ల రోడ్డులో, పెట్రోలు బంకు దాటినాక, ఎడమ పక్క నీలం తలుపుల ఇంట్లో ఉండే నీ బిడ్డను కాపాడు తండ్రీ." ఆటోవాడికి చెప్పినట్టే. ఆరో పేరు దగ్గర ఉండగా నా పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. చూస్తే ఆ పెద్దమనిషి. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఏమంటోందామె అని గుసగుసగా అడిగాడు. తన దగ్గర పనిచేసే ఆడవాళ్ల కోసం ప్రార్థిస్తోందని చెప్పాను. అతని ముఖం మెత్తబడింది. మాట మాటా చెప్పమన్నాడు. గర్వంగా చెబుతూ పోయాను. అప్పుడు మా అత్త గొంతు మారింది.

"ప్రభువా, నేను తెచ్చిన పళ్లేలు పాత గని రాయి. ఆ గనిలోకి నీళ్లొచ్చి మూసేసినారు, నీకు తెలుసు. ఇంక మాకు దొరికేది కొత్త గుంత రాయే. నేను వచ్చేముందు దాన్ని మూడు దినాలు బకెట్లో నానేసి చూసినా. పొర లేచింది తండ్రీ. ఎవురికీ చెప్పలేదు, ఈ పాపకు గూడా చెప్పలేదు. పళ్లేలు అడిగినాయనకి చెప్దామంటే పదిమంది ఆడోళ్ల ముఖాలు కనపడతన్నాయి. చెప్పకుంటే నీ ముఖం కనపడతంది. నేను యాడికి పోవాల?"

నిన్నటి నుంచి ఆమె ఎందుకు మాట్లాడలేదో అప్పుడు అర్థమైంది. పక్కన ఆ పెద్దమనిషి తల వంచి, తర్వాతి మాట కోసం చెవి ఒగ్గి ఉన్నాడు. ఒక్క క్షణం. ముప్పై నాలుగేళ్లు పిల్లల చేత నిజమే పలకవలెనని కాపీ రాయించిన నేను, "మీ ఇంటిల్లిపాది ఆరోగ్యం కోసం ప్రార్థిస్తోంది" అని ఇంగ్లీషులో చెప్పాను. వ్యాకరణ దోషం ఒక్కటి కూడా లేదు. అతను గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

ఆమేన్ అని కళ్లు తెరిచి, అతన్ని చూసి మా అత్త లేచి దండం పెట్టింది. మాట కలపడానికో, బేరం కాసేపు వాయిదా వేయడానికో, గోడ మీది బంగారు అక్షరాలు చూపించి ఏ వాక్యమో అడగమంది. అడిగాను. అది పాత లాటిన్ భాష అట. అతనికి చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చునట. నాలుక మీద మోసం లేకుండా, పొరుగువాడికి ఇచ్చిన మాట తప్పకుండా వర్తకం చేసేవాడు ఈ లోకంలో బాగుపడతాడు, చివరికి నిత్యజీవం పొందుతాడు అని దాని భావమన్నాడు. నేను ఆలోచించకుండా అంతా తెలుగులో చెప్పేశాను. మా అత్త కనుబొమలు ముడిపడ్డాయి.

"గుడిలో వర్తకమేంది పాపా?"

ఇంక దాచి లాభం లేదు. అత్తా, ఇది గుడి కాదు, పట్టు అంగడి, గుడి ఆ రోడ్డుకు అవతల ఉంది అని చెప్పాను. మా అత్త స్తంభాలను, కప్పును, తను కూర్చున్న చోటును మళ్లీ మొదటి నుంచి చూసుకుంది. కోపం వస్తుందనుకున్నాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి. "దేవుని గుడిని అంగడి జేసినోళ్లను ప్రభువు కొరడా తీసుకుని తరిమినాడు. అంగడిని గుడి జేసినదాన్ని, నన్నేం జేస్తాడో." ఇద్దరం నవ్వుతుంటే ఆ పెద్దమనిషి ఏమీ తెలియకుండానే మాతో కలిసి నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే మా అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నేను ప్రార్థన జేస్తాంటే నువ్వు ఈయనకి గొణుగుతా ఉన్నావు. కళ్లు మూసుకున్నా గానీ చెవులు మూసుకోలేదు. అంతా చెప్పినావా?"

"చెప్పినా అత్తా."

"రాయి సంగతి?"

నేను పాలరాతి వంక చూశాను. ఆ పదిమంది గతి ఏమిటి అత్తా అని గొణిగాను. "వాళ్ల పేర్లు నీకంటే నాకు బాగా తెలుసు. నేను చెప్పలేక దేవునికి చెప్పినా. ఆయన నీ నోట చెప్పిద్దామని చూసినాడు, నువ్వు మింగినావు. ఇప్పుడు చెప్పు."

చెప్పాను. ఆ రోజు నా ఇంగ్లీషు నన్ను పూర్తిగా వదిలేసింది. పొర లేవడాన్ని ఏమంటారో తోచక, పెనం మీద పుల్కా ఉబ్బడం చేతులతో చేసి చూపించాను. అర్థమయ్యాక అతని ముఖంలో నవ్వు పోయింది. ఎన్ని రోజులు నానబెట్టారని ఒకటికి రెండుసార్లు అడిగాడు. హోటల్లో పళ్లేలు రోజుకు పదిసార్లు కడుగుతారు, పనికిరాదు అన్నాడు. స్తంభం దాకా నడిచి వెనక్కి వచ్చాడు. వచ్చి, మా అత్తను కాదు, నన్ను అడిగాడు, అయితే తన ఇంటివాళ్ల ఆరోగ్యం సంగతి ఏమిటని. భూమి చీలితే లోపలికి పోదామనిపించింది గానీ అంత గట్టి పాలరాయి ఎట్లా చీలుతుంది. అది నేను కల్పించిందని ఒప్పుకున్నాను. మా అత్త ఏమిటని అడిగింది, ఆమెకూ చెప్పాను. ఆమె ఒక్క మాట కూడా తిట్టలేదు. "చెప్పినావు గదా, ఇప్పుడు చెయ్యకుంటే అబద్ధమైపోతది. ఇంట్లో ఎవురెవురు ఉన్నారో కనుక్కో. ఇల్లు యాడో గూడా" అని మళ్లీ కింద కూర్చుంది.

అతను ముందు నమ్మలేదు. తర్వాత మెల్లగా భార్య పేరు, తుంటి ఎముక విరిగి మంచాన ఉన్న తల్లి పేరు, ఇద్దరు కూతుళ్ల పేర్లు చెప్పాడు. ఇల్లు ఎక్కడని అడిగితే, వంతెన దాటాక మందుల షాపు దగ్గర ఎడమకు తిరిగితే మూడో అంతస్తు అన్నాడు. ఆ పేర్లు మా అత్త నోట్లో పడి తెలుగైపోయాయి. మందుల షాపు దగ్గర ఎడమకు తిరగమని ఆమె దేవుడికి చెబుతున్నప్పుడు నేను ఆ ముక్క కూడా తర్జుమా చేశాను. ఒక్క అక్షరం వదల్లేదు. తల్లి పేరు వచ్చినప్పుడు ఆ పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు. అతను దేవుణ్ణి నమ్మేవాడు కాదట, బయటికి వచ్చాక చెప్పాడు.

బయట మెట్ల మీద మా అత్త చెప్పులు వేసుకుంటుంటే అతను హఠాత్తుగా అడిగాడు, నీళ్లలో నానకపోతే ఆ కొత్త రాయి ఎన్నాళ్లు ఉంటుందని. "తుడిస్తే ఏం గాదు. నానబెట్టకుంటే నూరేళ్లయినా కదలదు" అంది మా అత్త. అయితే హోటళ్ల ముందు ఆ పూట వంటకాలు సుద్దతో రాసి పెట్టే నల్ల బోర్డులు కావాలి, అవి చేయగలరా అన్నాడు. చెక్క చట్రం బిగించి ఉండాలట. నేను తెలుగులో చెప్పడం పూర్తి కాకముందే మా అత్త మెట్టు మీద కూలబడింది. "పలకలా? ఈయన అడిగేది పలకలేనా?" అని నవ్వి నవ్వి కొంగుతో కళ్లొత్తుకుంది. అతను అడిగిన పలకలు ఆ పళ్లేల లెక్కలో సగానికి కూడా రావు. ఏడాది అనుకున్న పని ఎండాకాలం వరకే సరిపోయింది. షెడ్డులో ఇద్దరు మానేసి మిరపకోతకు పోనే పోయారు. తర్వాత ఇంకొన్ని పలకలు కావాలని అతను మళ్లీ రాశాడు, మళ్లీ రాశాడు. తల్లి లేచి కర్ర సాయంతో నడుస్తోందని కూడా ఒకసారి రాశాడు. మా అత్త అదేమీ విశేషం కాదన్నట్టు విని, అడ్రసు సరిగ్గా చెప్పినాం గదా అంది.

ఈ సంగతంతా అయ్యగారికి ఒకరోజు తీరిగ్గా చెప్పాలి. పంతులమ్మ అబద్ధం ఆడిందంటే ఆయనేమంటారో గానీ, నవ్వు సంగతి మాత్రం క్షమిస్తారు. ముప్పై నాలుగేళ్లు బళ్లో నిలబడి పాఠం చెప్పాను. ఆ ఏళ్లన్నీ ఇప్పుడు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఏ పిల్లవాడు ఏ ఏటివాడో కూడా గుర్తు రావడం లేదు. ఆ అంగడిలో ఒక మాట మింగి, దాన్ని మళ్లీ పైకి తెచ్చుకునే వరకు పట్టిన పావుగంట మాత్రం నాకింకా గడవలేదు, గడవకపోవడమే మంచిదనుకుంటాను.